కోడ్ రాస్తే దరువు!

వీణ లేదు, తబలా లేదు, నల్ల మెట్లూ తెల్ల మెట్లూ ఉన్న కీబోర్డు కూడా లేదు. ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ రాస్తుంటే పాట పుడుతుంది. రాసేదంతా పెద్ద తెర మీద అందరికీ కనిపిస్తుంది. నచ్చితే ఆ రాతను ఎవరైనా ఇంటికి పట్టుకుపోవచ్చు. 'లైవ్ కోడింగ్' అనే ఈ ప్రయోగానికి లఖ్‌నవూ తబలాతో చుట్టరికం ఉంది. కాస్త ఓపిక ఉంటే మన ఛందస్సుతోనూ వియ్యం కలపొచ్చు.

1994లో బ్రిటన్ పార్లమెంటుకు విచిత్రమైన పని పడింది. దరువు అంటే ఏమిటో చట్టంలో రాయాల్సి వచ్చింది. పొలాల్లో, పాడుబడ్డ గిడ్డంగుల్లో తెల్లవార్లూ సాగే 'రేవ్' పార్టీలను అదుపు చేయడానికి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం తెచ్చారు. ఏ సంగీతం మోగితే పోలీసులు జనాన్ని వెళ్లగొట్టవచ్చో చెప్పాలి కదా! అందుకని, మళ్లీ మళ్లీ ఒకేలా వరసగా పడే దెబ్బలు ప్రధానంగా ఉన్న ధ్వనులు కూడా సంగీతం కిందికే వస్తాయని రాసుకున్నారు. ఆ నిర్వచనంలో మన తీన్‌మార్ కూడా భేషుగ్గా ఇమిడిపోతుంది.

దానికి మాంచెస్టర్ ప్రాంతానికి చెందిన ఆటెకర్ అనే ఎలక్ట్రానిక్ సంగీత జోడీ అదే ఏడాది సంగీతంతోనే జవాబిచ్చింది. 'యాంటీ' అనే రికార్డులో 'ఫ్లటర్' అనే పాట పెట్టి, అందులో ఏ రెండు ఆవర్తాలూ ఒకేలా ఉండకుండా దరువును ప్రోగ్రామ్ చేశారు. పోలీసులు వస్తే ఇది మళ్లీ మళ్లీ వచ్చే దరువు కాదని నిరూపించడానికి పక్కన ఒక వకీలునూ ఒక సంగీత శాస్త్రజ్ఞుణ్నీ ఉంచుకోమని అట్ట మీద డీజేలకు సలహా కూడా అచ్చేశారు.

వేళాకోళం పక్కన పెడితే అందులో అసలు సంగతి ఒకటుంది. దరువు మళ్లీ మళ్లీ రావాలి, లేకపోతే కాలు కదలదు. వచ్చిందే వస్తే మాత్రం చెవి మూసుకుంటుంది. ఎంత మారాలి, ఎప్పుడు మారాలి అనేది నియమంగా రాసి యంత్రానికి అప్పజెబితే? 2011లో అలెక్స్ మెక్‌లీన్, నిక్ కాలిన్స్ అనే ఇద్దరు అల్గారిథమ్‌నూ రేవ్‌నూ కలిపి 'ఆల్గోరేవ్' అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది లండన్‌లో మొదటిది జరిగింది. తమ సంగీతం ఏమిటో చెప్పుకునేటప్పుడు వాళ్లు ఆ పాత చట్టం వాక్యాన్నే తీసుకుని, 'దెబ్బలు' ఉన్నచోట ప్రోగ్రామింగ్‌లోని 'షరతులు' అన్న మాట పెట్టారు. ఇప్పుడు ఆల్గోరేవ్‌లు ఎన్నో దేశాల్లో జరుగుతున్నాయి. మన దగ్గరా ఆల్గోరేవ్ ఇండియా పేరుతో ఒక బృందం ఉంది.

తెర చూపించాల్సిందే

చీకటి హాలు. వేదిక మీద ఒక బల్ల, దాని మీద ల్యాప్‌టాప్. వెనక గోడంత తెర మీద నాలుగైదు వరసల అక్షరాలు. వాయించే అమ్మాయి ఒక వరస రాసి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కుతుంది. బాస్ డ్రమ్ మొదలవుతుంది. అదే వరసలో 4ను 5 చేసి మళ్లీ నొక్కుతుంది. నడక మారిపోతుంది, మొదటి వరసల్లో ఉన్నవాళ్లు ఆ అంకె మారడం ముందే చూసి కేక వేస్తారు. ఎక్కడో ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోతుంది. తెర మీద తప్పు పడుతుంది గానీ పాట ఆగదు. కొత్త వరస సరిగ్గా కుదిరేదాకా పాతదే నడుస్తూ ఉంటుంది. జనం తప్పుకు కూడా చప్పట్లు కొడతారు.

ఇలా తెర చూపించడం అందం కోసం మొదలైంది కాదు. 2000 ప్రాంతంలో ల్యాప్‌టాప్‌తో కచేరీలు చేసేవాళ్ల మీద ఒక జోకు ఉండేది: అతను పాట వాయిస్తున్నాడో, ఈమెయిల్ చూసుకుంటున్నాడో ఎవరికి తెలుసు అని. వైణికుడి వేళ్లు చూస్తాం, మృదంగ విద్వాంసుడి భుజం చూస్తాం. ల్యాప్‌టాప్ మూత వెనక ఏం చూడాలి? 2004 ఫిబ్రవరిలో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక సదస్సుకు వెళ్లిన కొందరు అర్ధరాత్రి దాటాక బార్‌లో కూర్చుని 'టాప్‌ల్యాప్' అనే సంఘం పెట్టుకున్నారు. వాళ్ల ప్రణాళికలో ముఖ్యమైన డిమాండ్ ఒక్కటే: వాయించేవాడి తెర జనానికి కనపడాలి. దాచుకోవడం ప్రమాదకరం అని కూడా రాసుకున్నారు. అదే ఏడాది మెక్‌లీన్ నైట్‌క్లబ్బుల్లో పెర్ల్ భాషలో ప్రోగ్రాములు రాయడం గురించి ఒక వ్యాసం ప్రచురించారు. పెర్ల్‌తో ఉద్యోగం చేసినవాళ్లెవరైనా మన పాఠకుల్లో ఉంటే, ఆ భాషకు జనం చిందులేశారంటే నమ్మరు.

17 సెకన్ల పాట

కంప్యూటర్‌కు సంగీతం తెలియదు, అంకెలే తెలుసు. స్పీకర్ పొర ఏ క్షణాన ఎంత ముందుకు రావాలి, ఎంత వెనక్కి పోవాలి అన్నది అంకెగా ఇస్తే చాలు, శబ్దం వస్తుంది. సీడీలో ఒక్కో స్పీకర్‌కు సెకనుకు అలాంటి అంకెలు 44,100 ఉంటాయి. ఆ అంకెలను మనిషి రాయలేడు కాబట్టి, రాసిపెట్టే ప్రోగ్రామ్ కావాలి. దాన్ని మొదట సమర్థంగా చేసినవాడు అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీరు మ్యాక్స్ మాథ్యూస్. వయొలిన్ వాయించేవాడు. 1957లో ఆయన రాసిన 'మ్యూజిక్' అనే ప్రోగ్రామ్‌తో ఐబీఎం 704 యంత్రం మీద న్యూమన్ గట్‌మన్ కూర్చిన 17 సెకన్ల పాట పలికింది. లెక్క కట్టే యంత్రం న్యూయార్క్‌లో, అంకెలను శబ్దంగా మార్చే పరికరం న్యూజెర్సీలో. టేపు పట్టుకుని అక్కడికి వెళ్తే తప్ప తన పాట ఎలా ఉందో తనకే తెలియదు.

ఆ విత్తనమే తర్వాత చెట్లయింది. 1980ల్లో పారిస్‌లోని ఇర్కామ్ పరిశోధనాలయంలో మిల్లర్ పకెట్ రాసిన సాఫ్ట్‌వేర్‌కు మాథ్యూస్ మీద గౌరవంతో 'మ్యాక్స్' అనే పేరు పెట్టారు. పకెట్ తర్వాత 'ప్యూర్ డేటా' అని ఉచితమైన చెల్లెల్ని కూడా ఇచ్చారు. 1996లో జేమ్స్ మెకార్ట్‌నీ 'సూపర్‌కొలైడర్' తెచ్చి, 2002లో దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా వదిలేశారు. ఇవాళ లైవ్ కోడింగ్‌లో సగం ఇల్లు ఆ పునాది మీదే నిలబడింది.

మన దేశం ఈ కథలో వెనకబడి రాలేదు. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్ ఉంది. సంగీతకారిణి గీతా సారాభాయ్ చొరవతో, స్వరకర్త డేవిడ్ ట్యూడర్ అమెరికా నుంచి వచ్చి స్టూడియో బిగించి వెళ్లారు. మనవాళ్లు మూడేళ్ల పాటు దాని మీద ప్రయోగాలు చేశారు. ఆ టేపులు దశాబ్దాల పాటు అల్మారాలో పడున్నాయి. పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు వాటిని వెలికితీశాక 2023లో రికార్డుగా వచ్చాయి. అప్పట్లోనే నలుగురికీ వినిపించి ఉంటే మన సంగీతం ఏ దారి పట్టేదో! చేయడం ఒక ఎత్తు, పంచడం ఒక ఎత్తు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఉస్తాద్ ముందు యాపిల్ కంప్యూటర్

ఇంకో కథ లఖ్‌నవూలో జరిగింది. ఇంగ్లిష్ సంగీత పరిశోధకుడు జిమ్ కిప్పెన్ 1980ల్లో ఉస్తాద్ అఫాక్ హుసేన్ ఖాన్ దగ్గర తబలా నేర్చుకుంటూ, కాయిదా అనే ప్రక్రియ వెనక ఉన్న వ్యాకరణం ఏమిటని తలపట్టుకున్నాడు. ఒక ఇతివృత్తం తీసుకుని, దాన్ని తిప్పి, విరిచి, కొత్త అల్లికలు వేస్తూ పోవడం కాయిదా. ఏ అల్లిక చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది ఉస్తాద్ చెవికి తెలుసు. నియమంగా చెప్పమంటే చెప్పేది కాదు. అప్పటికి భారత్‌లో ఉన్న ఫ్రెంచ్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ బెల్ ఇందుకోసం చిన్న యాపిల్ కంప్యూటర్ మీద 'బోల్ ప్రాసెసర్' అనే ప్రోగ్రామ్ రాశాడు. కిప్పెన్ తనకు తోచిన నియమాలు అందులో పెట్టేవాడు. యంత్రం బోల్స్ (తబలా పలుకుల) వరసలు పుట్టించేది. ఉస్తాద్ విని ఇది సరే, ఇది కాదు అనేవారు. కాదన్న చోట నియమం దిద్దేవారు. యంత్రం శిష్యుడు, ఉస్తాద్ పరీక్షాధికారి!

ఆ బోల్ ప్రాసెసర్ అక్కడితో ఆగలేదు. లయను క్లుప్తంగా అక్షరాల్లో రాసే దాని పద్ధతి, మెక్‌లీన్ 2009 ప్రాంతంలో మొదలుపెట్టిన 'టైడల్‌సైకిల్స్' అనే లైవ్ కోడింగ్ భాష లిపికి ప్రేరణ అయింది. ఆయనే ఆ మాట ఒప్పుకుంటారు. టైడల్‌ను బ్రౌజర్‌లో నడిచేలా 2022లో ఫెలిక్స్ రూస్, మెక్‌లీన్ కలిసి తిరగరాస్తే అది 'స్ట్రూడెల్' అయింది. ఈమధ్య కోడ్ రాస్తూ టెక్నో మోగించే వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయే, వాటిలో చాలా వరకు ఈ స్ట్రూడెల్‌వే.

అందుకే కాబోలు, తాళం తెలిసిన తెలుగువాడికి ఇది పరాయిగా అనిపించదు. ఇందులో కాలం ఆవర్తాలుగా నడుస్తుంది. ఆవర్తం నిడివి మారదు, అందులో ఎన్ని పెడితే అన్ని సమభాగాలవుతాయి. మూడు పెడితే తిశ్రం, నాలుగైతే చతురశ్రం, ఐదు ఖండం, ఏడు మిశ్రం, తొమ్మిది సంకీర్ణం. మృదంగం క్లాసులో గతిభేదం పేరుతో నెలల తరబడి చేతికి ఎక్కించేది ఇక్కడ ఒక అక్షరం చేరిస్తే వినబడుతుంది. (చేతికి ఎక్కడం వేరు, వినబడటం వేరు. ఆ తేడా మర్చిపోతే గురువులు ఊరుకోరు.) బ్రాకెట్‌లో 3, 8 అని రాస్తే ఎనిమిది మాత్రల్లో మూడు దెబ్బలను వీలైనంత సమదూరంగా సర్దిపెడుతుంది. చెవికి తకిట తకిట తక అని వినిపిస్తుంది. దీని వెనక ఉన్నది గ.సా.భా. కనుక్కోవడానికి బడిలో నేర్చుకున్న యూక్లిడ్ పద్ధతే. ప్రపంచంలోని ఎన్నో జానపద లయలు ఆ లెక్కకే వస్తున్నాయని గాడ్‌ఫ్రీడ్ తూసాన్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు 2005లో చూపించాడు.

ఉత్పలమాలకు బాస్ డ్రమ్

ఇక మన ఛందస్సు సంగతి. ఉత్పలమాల గణాలు అందరికీ నోటికి వచ్చినవే: భ ర న భ భ ర వ. ఇరవై అక్షరాలు. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి అనుకుంటే మొత్తం 28 మాత్రలు. స్ట్రూడెల్‌లో బాస్ డ్రమ్‌ను 'బీడీ' అని, హైహ్యాట్ అనే కంచు తాళాన్ని 'హెచ్‌హెచ్' అని రాస్తారు. గురువు ఉన్నచోట బీడీ రాసి, పక్కన ఎట్ గుర్తు వేసి 2 పెట్టండి. అది రెండు మాత్రలు ఆక్రమిస్తుంది. లఘువు ఉన్నచోట హెచ్‌హెచ్. ఇరవై మాటలు రాసేసరికి పాదం పూర్తయింది. అయితే నొక్కగానే మిషన్‌గన్ పేలినట్టు ఉంటుంది, ఎందుకంటే మామూలుగా ఒక ఆవర్తం రెండు సెకన్లే. చివర 'స్లో 4' తగిలిస్తే ఎనిమిది సెకన్లకు సాగి, చదివే వేగానికి దగ్గరగా వస్తుంది.

అసలు మజా దాని కింద చప్పట్లు కలిపినప్పుడు మొదలవుతుంది. 28 అంటే ఏడు నాలుగులు. అదే నిడివిలో ఏడు చప్పట్లు ('సీపీ' అని రాసి, నక్షత్రం గుర్తు వేసి 7) పెట్టి వినండి. ఏడింటిలో ఐదు చప్పట్లు సరిగ్గా అక్షరం మొదలు మీద పడతాయి. మూడోది, ఏడోది మాత్రం గురువు నడిమధ్యలో పడతాయి. అవి ఏ గురువులు? రెండు ర-గణాల చివరి గురువులు. పద్యం తాళానికి ఎదురు తిరిగేది ఆ రెండు చోట్లే. యతి ఉన్న పదో అక్షరం దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా 12 మాత్రలు నిండి, నాలుగో చప్పట్టు నెత్తిన పడుతుంది. మొదటి బీడీ తీసేసి, ఆ స్థానంలో రెండు హెచ్‌హెచ్‌లు పెట్టారంటే ఇరవయ్యొక్క అక్షరాల చంపకమాల తయారు. మాత్రలు అవే 28. లక్షణ గ్రంథంలో చదివి బట్టీ పట్టిన చుట్టరికం ఇప్పుడు చెవికి తెలుస్తుంది.

పద్యం చదివే పెద్దలు ఇలా గడియారం కొట్టినట్టు చదవరు, నిజమే. రాగం తీస్తారు, విరుస్తారు, ఒకచోట నిలబడతారు. ఇది పద్యానికి ఎముకల గూడు మాత్రమే. కానీ డ్యాన్స్ సంగీతానికి కావలసింది కూడా ఎముకల గూడే. ప్రస్తారం (గురు లఘువుల కూర్పులన్నీ వరసగా రాయడం) మాట చూడండి. ఎనిమిది మాత్రలను గురు లఘువులతో 34 రకాలుగా నింపవచ్చు. ఈ లెక్క విరహాంకుడు, హేమచంద్రుడు ఫిబొనాచీ కంటే ముందే చెప్పారు. ఆ 34నూ వరసగా వాయించే ప్రోగ్రామ్ రాస్తే, సెకనుకు నాలుగు మాత్రల చొప్పున నిమిషం దాటి మరో ఎనిమిది సెకన్లలో అయిపోతుంది. ఒక్క దరువూ రెండోసారి రాదు. 1994 చట్టం కూడా ఏమీ చేయలేదు.

పంచుకోవడం అంటే

మామూలుగా పాట పంచుకోవడం అంటే తయారైన పాటను పంపడం. ఈ లోకంలో పాటతో పాటు దాన్ని ఎలా చేశారో కూడా వెళ్తుంది. ఆవకాయ జాడీతో పాటు కారం, ఉప్పు, ఆవపిండి కొలతల చీటీ కూడా పంపినట్టు.

ఈ అలవాటు పాతదే. 1987లో కార్స్‌టెన్ ఒబార్స్‌కీ అమీగా కంప్యూటర్ కోసం 'అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్' చేశాడు. అందులో దాచిన ఫైల్‌లో శబ్దం ముక్కలూ ఉంటాయి, అవి ఎప్పుడు మోగాలో చెప్పే పట్టికా ఉంటుంది. ఫైల్ తెరిస్తే పాట లోగుట్టంతా కనిపిస్తుంది. ఐరోపా కుర్రాళ్లు వాటిని ఫ్లాపీల్లో వేసి పోస్టులో పంపుకొని, ఒకరి పాట విప్పదీసి మరొకరు నేర్చుకున్నారు. 2009లో 'ద వైర్' పత్రిక 22 పాటల సంపుటి వెలువరించింది. ప్రతి పాటా 140 అక్షరాల్లోపు రాసిన సూపర్‌కొలైడర్ ప్రోగ్రామే. అప్పటి ట్విట్టర్‌లో ఒక్క ట్వీట్‌లో పట్టే పాట! స్ట్రూడెల్‌లో అయితే రాసిందంతా లింకులోనే ఒదిగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లు తెరిచి, వినడమే కాదు, ఒక అంకె మార్చి తిరిగి పంపొచ్చు.

శబ్దాలు కావాలంటే బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2005 నుంచి నడుపుతున్న 'ఫ్రీసౌండ్' ఉంది. వర్షం, రైలు, గుడి గంట ఏదైనా దొరుకుతుంది, మీరు రికార్డు చేసినవీ పెట్టొచ్చు. వాడుకునేటప్పుడు లైసెన్సు చదవాలి: కొన్నింటికి షరతుల్లేవు, కొన్నింటికి పేరు చెప్పాలి, కొన్నింటిని వ్యాపారానికి వాడకూడదు. పల్లెలో డప్పు కళాకారుడి దెబ్బ రికార్డు చేసి ముక్కలు చేసేవాళ్లు లైసెన్సు ఉన్నా లేకపోయినా ఆయన్ను అడగాలి, పేరు వేయాలి, డబ్బు వస్తే వాటా ఇవ్వాలి. ఈ ఒక్క విషయంలో నాకు మధ్యేమార్గం కనిపించడం లేదు.

మెచ్చుకోలు చాలు. ఆల్గోరేవ్ రికార్డింగులు వరసగా వింటే విసుగు పుట్టేవి తక్కువేమీ కాదు. అందరూ అవే ఉచిత శబ్దాలు, అవే నాలుగు దెబ్బలు. దరువు మీద పడినంత శ్రద్ధ స్వరం మీద పడలేదు. సాఫ్ట్‌వేర్ వాడకంలోకి ముందుగా వచ్చేది పియానో మెట్ల పన్నెండు స్వరస్థానాలే కాబట్టి తోడి రాగం గాంధారం అక్కడ బిగుసుకుపోతుంది. ఇది యంత్రం చేతగానితనం అనుకోవద్దు. సూపర్‌కొలైడర్‌లో శ్రుతి అంటే కేవలం ఒక అంకె, దాన్ని ఎటైనా ఊపొచ్చు, వంచొచ్చు. గమకం రాసేవాళ్లు ఇంకా తగినంత మంది రాలేదు, అంతే. ఆ పని బెర్లిన్‌లో టెక్నో చేసేవాళ్లు చేయరు. కోడ్ రాసే ఉద్యోగం చేస్తూ, చిన్నప్పుడు నాలుగు వర్ణాలు నేర్చుకున్నవాళ్లు హైదరాబాద్‌లోనూ బే ఏరియాలోనూ ఎంతమంది లేరు!

ఏఐకి నాలుగు మాటలు చెబితే పాట మొత్తం చేసి ఇస్తున్న రోజుల్లో ఇదంతా ఎందుకని అడగొచ్చు. అడిగినదాన్ని బట్టి అది పాట ఇస్తుంది, ఎందుకు అలా చేసిందో చెప్పదు. ఇక్కడ ప్రతి దెబ్బకూ కారణం తెర మీద రాసి ఉంటుంది. పిల్లలకు నేర్పాలన్నా, మనం నేర్చుకోవాలన్నా నేను ఈ రెండోదే ఎంచుకుంటాను.

మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు. స్ట్రూడెల్‌కు బ్రౌజర్ చాలు. బడి పిల్లలైతే 'సోనిక్ పై' మేలు. కేంబ్రిడ్జ్‌లో సామ్ ఆరన్ 2012లో రాస్‌బెర్రీ పై చిన్న కంప్యూటర్ల కోసం, తరగతి గదికని మొదలుపెట్టాడు. ఇప్పుడు విండోస్, మ్యాక్‌లలోనూ నడుస్తుంది. 'ప్లే 60' అని రాస్తే పియానో నడిమి షడ్జమం పలుకుతుంది. 60.5 అని రాస్తే పియానో మీద లేని స్వరం పలుకుతుంది. సూపర్‌కొలైడర్ జోలికి ఆ తర్వాతే వెళ్లండి. అందులో ఒక్క సున్నా ఎక్కువైతే చెవులు చిల్లులు పడే మోత రావచ్చు. కోడ్ నడిపించే ముందు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టండి, వాల్యూమ్ సగానికి దించండి, ఆ తర్వాతే ఎంటర్ నొక్కండి.